చచ్చిన కాలేజీలో ఒక అపరాహ్ణము

‘పెరటిచెట్టు మందునకు రాదు’ అని ఒక సామెత. ‘దూరపు కొండలు నునుపు’ అని మరియొకటి. నెల్లూరు జిల్లా పడమటి కొసనున్న వరికుంటపాడు విద్యార్థికి ఈ రెండు సామెతల తాత్పర్యమును ఒక్క పూటలో బోధింపగల స్థలమొకటి కలదు. అది అతని బడి కాదు. ఉదయగిరి కొండయు కాదు. చెన్నపట్టణమున ఎగ్మూరులో, పాంథియన్ వీధిలోనున్న ప్రభుత్వ మ్యూజియము.

వరికుంటపాడు పేరులో వరియు కలదు, కుంటయు కలదు. కాని ఆ సీమ మెట్టసీమ, వానకై మింటివంక చూచు సీమ. ఆ ప్రాంతమువారికి చిరకాలముగా పట్టణమన్నను కోట యన్నను ఉదయగిరియే. మూడువేల అడుగులకు పైబడిన కొండ, దానిపై శిథిలమైన ప్రాకారములు బాల్యమునుండి వారి కన్నులకు అలవాటైన దృశ్యములు. అలవాటైన దానిని మనుజుడు చూడడు. చరిత్ర పుస్తకములో 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును జయించెనన్న వాక్యమును బాలుడు కంఠస్థము చేయును, పరీక్షలో వ్రాయును, ఒక మార్కు సంపాదించును. ఆ వాక్యమునకు శేషభాగమొకటి కలదనియు, అది శిలారూపమున చెన్నపట్టణము చేరియున్నదనియు అతనికి చెప్పువారు అరుదు.

అట్టి బాలురను పదిమందిని వెంటబెట్టుకొని, వారి తెలుగు ఉపాధ్యాయుడొకడు ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరి, అచ్చట రైలెక్కి, ఒకనాటి మధ్యాహ్నము ఈ మ్యూజియము వాకిట నిలిచెనని అనుకొనవచ్చును. శుక్రవారము సెలవను సంగతి తెలిసియే ఆయన మరియొక దినమును ఎన్నుకొనెను. సాయంకాలము ఐదు గంటలకు తలుపులు మూయుదురు. చేతిలోనున్నవి మూడు గంటలు. లోపలనున్నవి వేలకొలది వస్తువులు. ఈ మూడు గంటలను ఎట్లు వినియోగింపవలెను? విద్యాయాత్రల ఫలితమంతయు ఈ ప్రశ్నపై ఆధారపడియున్నది.

రెండు కాలేజీలు

మద్రాసు సాహిత్య సంఘమువారు 1846లో తలపెట్టిన యత్నము 1851లో మ్యూజియముగా రూపొందెను. డాక్టర్ ఎడ్వర్డ్ బాల్ఫర్ దానికి తొలి అధికారి. మొదట దీనికి చోటు దొరకినది సెయింట్ జార్జి కోట కళాశాల భవనమున. బ్రౌను దొర తెలుగక్షరములు దిద్దిన కళాశాల అదియే. వస్తువులు పెరిగి చోటు చాలకపోగా 1854లో మ్యూజియము ఎగ్మూరులోని పాంథియన్ అను విలాసభవనమునకు తరలెను. వీధికి ఆ పేరు నేటికిని నిలిచియున్నది. బాల్ఫర్ ఆ ఆవరణలోనే కొన్ని సజీవ జంతువులను కూడ పెంచగా, అవి తరువాత పీపుల్స్ పార్కునకు చేరి జంతుప్రదర్శనశాల యైనవి.

జనసామాన్యము ఈ రెండింటికిని చక్కని పేర్లు పెట్టినది. జంతువులున్నది బ్రతికిన కాలేజీ. మ్యూజియము చచ్చిన కాలేజీ. పల్లెలనుండి వచ్చినవారు ఒకనాడు దానిని, మరియొకనాడు దీనిని చూచి పోయెడివారు. హాస్యమునకు పుట్టిన పేరేయైనను అందొక విమర్శ యిమిడియున్నది. ప్రాణములేని వస్తువుల నడుమ విద్య యెట్లుండగలదు? ఉన్నను అది ఎవరికి ఉపయోగము?

తిమింగలపు అస్థిపంజరము, నాణెములు, ఆయుధములు, తామ్రశాసనములు మున్నగునవి చెదరియున్న ఆ విశాలమైన ఆవరణలో, సత్యవేడు ఎఱ్ఱరాతితో హెన్రీ ఇర్విన్ రూపకల్పనమున నిర్మితమై 1909లో తెరువబడిన కళామందిరము దూరమునుండియే కన్నులను లాగును. ఆ సత్యవేడు తెలుగునాటిదే. 1951లో అది జాతీయ కళాశాలగా రూపొందినది. పిల్లలు సహజముగా తిమింగలమువైపు పరుగెత్తుదురు. పరుగెత్తనిమ్ము. ఒక పావుగంట ఆశ్చర్యమునకు కేటాయించుట తప్పు కాదు. కాని అన్నిటిని చూచువాడు దేనిని చూడడు. వివేకియైన ఉపాధ్యాయుడు ఆ పూటకు మూడు వస్తువులను మాత్రమే ఎన్నుకొనును. ప్రతి వస్తువు ఎదుటను పిల్లలచేత ఒకే ప్రశ్న వేయించును: “ఇది ఇచ్చటికి ఎట్లు వచ్చినది?”

కృష్ణాతీరపు రాళ్ళు

మొదటిది అమరావతి శిల్పము. పల్నాటి సున్నపురాతిపై చెక్కిన ఈ ఫలకములు ఒకప్పుడు కృష్ణాతీరమున మహాస్తూపమును చుట్టి యుండెను. పద్దెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో తన పట్టణమును నిర్మించునప్పుడు, ఇటుకలకై దీపాలదిన్నెను త్రవ్వినవారికి ఈ రాళ్ళు బయల్పడెను. అప్పుడే వానిని చూచిన కర్నల్ మెకంజీ 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించెను. ఈ లోపల ఎన్నియో రాళ్ళు గోడలలోనికి, మెట్లలోనికి పోయెను. కొన్ని బట్టీలలో కాలి సున్నమయ్యెను. బుద్ధుని జన్మకథ చెక్కిన రాయి ఏ ఇంటిగోడకో వెల్లయైనదన్నమాట.

1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పములు మద్రాసు చేరినవి. వానిలో పెక్కింటిని 1859లో లండనునకు పంపిరి. అవి నేడు బ్రిటిష్ మ్యూజియమున ఉన్నవి. 1877లో సూయెల్, 1881-82లో బర్జెస్ వెలికితీసిన వానిలో అధికభాగము చెన్నపట్టణమున నిలిచినది. ఇక్కడనైనను వాని కష్టము తీరలేదు. ఆనాటి మ్యూజియము అధికారి డాక్టర్ బిడీ ఫలకములను సిమెంటుతో గోడలలో పొదిగించెను. రక్షణకై చేసిన పనియే రాళ్ళకు ముప్పగునని బర్జెస్ ఆనాడే మొఱపెట్టెను. ఉపాధ్యాయుడు ఈ కథను దాచక చెప్పవలెను. మంచి తలంపును చెడు పనియు ఒకే చేతినుండి రావచ్చుననుట పిల్లలకు తెలియవలసిన సంగతియే.

ఈ శిల్పములలో నాళగిరి దమనమను గుండ్రని ఫలకము ఒక్కటి చాలును. బుద్ధునిపై వైరము పూనిన దేవదత్తుడు మదపుటేనుగును రాజగృహపు వీధిలోనికి విడిపించినాడు. ఫలకమున ఒకవైపు ఏనుగు తొండమున మనుష్యుని చిక్కించుకొని జనులను త్రొక్కుచున్నది. వీధి యంతయు కకావికలము. మేడల కిటికీలనుండి స్త్రీలు తొంగిచూచుచున్నారు. వేరొకవైపు అదే ఏనుగు బుద్ధుని పాదములచెంత మోకరిల్లియున్నది. ఒకే వృత్తమున రెండు క్షణములు! కావ్యము వ్రాయు కవికి ‘అంత’ అనియు ‘అప్పుడు’ అనియు కాలమును కలుపు మాటలున్నవి. శిల్పికి అవి లేవు. అతడు ఒక ఏనుగును రెండుమారులు చెక్కి, ఆ రెంటి నడుమనున్న అద్భుతమును చూపరి ఊహకు వదలెను. “ఏనుగులు రెండున్నవే!” అని ఒక బాలుడు అనును. “రెండు కావు, ఒక్కటే. చక్కగా చూడుము” అని ఉపాధ్యాయుడు బదులు పలుకును. ఆ బాలుడు మరల చూచిన క్షణమే ఆ పూటకు తొలి పాఠము. అలంకారశాస్త్రములో నాలుగు పుటలు చదివినను అంత స్పష్టముగా తెలియదు.

పల్లకి దిగిన దేవతలు

రెండవది కంచు విగ్రహముల శాల. తిరువాలంగాడు నటరాజు, తిరువెంకాడు అర్ధనారీశ్వరుడు, నాగపట్టణపు బుద్ధ విగ్రహములు కలిసి యుండుటచే ఈ శాలకు లోకఖ్యాతి కలిగినది. ఫ్రెంచి శిల్పి రోడాన్ ఈ నటరాజును కన్నులార చూడలేదు. ఛాయాచిత్రములను మాత్రమే చూచి పరవశించి వ్యాసము వ్రాసెను. అది 1921లో ప్రకటితమైనది. ఛాయాచిత్రమే అంత పని చేసినప్పుడు ఎదుట నిలిచినవాని భాగ్యము చెప్పవలెనా?

ఈ విగ్రహములు గర్భగుడి కదలని మూలమూర్తులు కావు. వీధిలోనికి వచ్చు ఉత్సవమూర్తులు. మైనముతో రూపము దిద్ది, మట్టి పూసి, కాల్చి మైనమును కరగించి, ఆ ఖాళీలో కరగిన లోహము పోసిన ఒక్కొక్క అచ్చునుండి ఒక్కొక్క విగ్రహమే పుట్టెను. విగ్రహమును బయటకు తీయుటకు అచ్చును పగులగొట్టక తప్పదు. నాడు వీనికి పట్టువస్త్రములు, పూలదండలు, నాదస్వరము, జనుల భుజములు ఉండెను. ఆపత్కాలమున కొన్నింటిని భూమిలో పాతిపెట్టిరి. శతాబ్దుల పిమ్మట పొలములలో అవి బయల్పడగా, 1878 నాటి నిధి నిక్షేపముల చట్టమువలన పెక్కు విగ్రహములు మ్యూజియమునకు చేరెను. నేడు వస్త్రములు లేవు గనుక శిల్పి దిద్దిన నడుము వంపు, వ్రేళ్ళ కొసలు కనబడుచున్నవి; పూజ లేదు గనుక దేవుడు కనబడుట లేదు. ఒకటి పొందుటకు ఒకటి పోగొట్టుకొనుట ఈ శాల ధర్మము. బాలురలో ఒకడు అలవాటుచొప్పున చేతులు జోడించిన యెడల ఉపాధ్యాయుడు వారింపనక్కరలేదు. మరియొకడు జోడింపకున్నను మందలింపనక్కరలేదు.

ఉదయగిరి బాలుడు

మూడవ వస్తువు కొరకే ఈ ప్రయాణము. శాలలను సవరించునప్పుడు శిల్పముల చోటులు మారుచుండును గనుక, ఉపాధ్యాయుడు ముందుగానే విచారించి తెలిసికొనుట మేలు. హంపి కృష్ణాలయమున వెలసిన బాలకృష్ణమూర్తి ఈ మ్యూజియమున భద్రపరుపబడి యున్నది. చూపరులలో అనేకులు హంపి పేరు విని తల యూచి ముందునకు సాగుదురు. వరికుంటపాడు బాలుడు మాత్రము సాగిపోరాదు. ఆ శిశువు హంపిలో పుట్టినవాడు కాడు. ఉదయగిరినుండి కొనిపోబడినవాడు.

ఆనాడు ఉదయగిరి కళింగాధీశుడైన ప్రతాపరుద్ర గజపతి అధీనమున ఉండెను. కృష్ణదేవరాయలు తన తూర్పు దిగ్విజయమును ఈ దుర్గముతోనే ప్రారంభించెను. కొండ నిటారు, దారి ఇరుకు, లోపలివారు ధీరులు. సంవత్సరమునకు మించి ముట్టడి సాగిన పిమ్మట 1514లో దుర్గము పడెను. గజపతి బంధువైన తిరుమల రాహుతరాయలు బందీ యయ్యెను. ఆ జూలైలోనే రాయలు దేవేరులతో తిరుమల చేరి శ్రీనివాసుని సేవించినట్లు అచ్చటి శాసనములు చెప్పుచున్నవి. అల్లసాని పెద్దన మనుచరిత్ర అవతారికలో రాయల ప్రతాపాగ్నిని వర్ణించుచు దానికి ఉదయాద్రినే తొలిమెట్టుగా చేసినాడు. ఈ పద్యమును తరగతిలో వల్లెవేయించు ఉపాధ్యాయులు వేలమంది కలరు.

జయించిన రాజు బంగారమును, బందీలను కొనిపోవుట లోకవాడుక. రాయలు వానితోపాటు ఒక పసివానిని కూడ కొనిపోయెను. ఉదయగిరిలోని బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు తరలించి, దానికై ఒక గొప్ప ఆలయమును కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించి, నిత్యనైవేద్యములకు గ్రామములు ధారవోసెను. ఆ ఆలయమునందలి శాసనము ఈ వృత్తాంతమును చెప్పుచున్నది. తూర్పు గోపురముపై సున్నపు బొమ్మలుగా ఈ దండయాత్రలోని గుఱ్ఱములు, ఏనుగులు, భటులు నేటికిని కొంత నిలిచియున్నారు. ఆలయము పేరట కృష్ణాపురమను పేట వెలసెను. ఎదుట అంగడివీధి ఏర్పడెను.

ఆ వైభవము సుమారు ఏబది ఏండ్లు మాత్రమే నిలిచెను. 1565 నాటి రాక్షసి తంగడి యుద్ధముతో విజయనగరము పాడుపడెను. ఆలయములు పూజలకు దూరమయ్యెను. హంపి యున్న బళ్ళారి జిల్లా మద్రాసు రాజధానిలోనిది గనుక, అచ్చటి పురావస్తువులకు చెన్నపట్టణపు మ్యూజియమే ఆశ్రయమయ్యెను. ఈ తీరున ఉదయగిరి బాలుడు ముందు పడమటికి, పిదప తూర్పునకు పయనించి, సముద్రతీర నగరమున స్థిరపడెను. 1953లో బళ్ళారి సీమ మైసూరునకు, నెల్లూరు ఆంధ్రరాష్ట్రమునకు చెందినవి. బాలుడు ఎచ్చటివాడో అచ్చటికి చేరలేదు; ఇచ్చటనే నిలిచిపోయెను.

ఒకే త్రాసు

ఇచ్చట ఉపాధ్యాయుడు పిల్లలనుండి ఒక ప్రశ్నను ఎదురుచూడవలెను. “అయ్యా, ఈ కృష్ణుడు మన ఉదయగిరివాడు గదా! మనకు తిరిగి ఇయ్యరా?”

ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. త్వరపడి ఔననియు చెప్పరాదు. అంతకు ముందు గంటలో ఇదే బాలురు అమరావతి రాళ్ళు లండను చేరిన కథ విని, “దొరలు దోచుకొనిపోయిరి” అని కోపించియుందురు. ఆ కోపము న్యాయమైనదే. మరి ఉదయగిరినుండి రాయలు తెచ్చినదానిని ఏమనవలెను? దానిని కవులు దిగ్విజయమని కీర్తించిరి. పిల్లలు ఆ కీర్తిని కంఠస్థము చేసిరి. కొనిపోయినవాడు పరాయివాడైనచో దోపిడి, మనవాడైనచో విజయము అగునా? రాయలు కొనిపోయి గుడి కట్టించెను. వచ్చినవారు కొనిపోయి గాజుపలకల వెనుక నిలిపిరి. ఈ భేదము నిజమైనది, మఱువరానిది. అయినను కోల్పోయిన ఊరి వైపునుండి చూచినచో రెండింటను మిగిలినది ఖాళీయే. 1514లో ఉదయగిరిలో ఆ మూర్తికి దినదినము దీపము పెట్టిన పూజారియెవడో అతని పేరును శాసనము చెప్పదు. అతని దుఃఖమును వర్ణించిన ప్రబంధమును లేదు.

తనవారిని, పరులను ఒకే త్రాసులో తూచుట నేర్చినవాడే చరిత్ర విద్యార్థి. రాయలపై భక్తి ఇందువలన తగ్గదు. ఆముక్తమాల్యద వ్రాసిన చేతికి గౌరవము ఎన్నటికిని తగ్గదు. కాని భక్తి వేరు, విచారణ వేరు. మొదటిది ఇంటను గుడిలోను అలవడును. రెండవది నేర్పుటకే బడి యున్నది.

మ్యూజియము వైపునను చెప్పవలసిన మాట కలదు. చేర్చి కాపాడు చోటు లేనప్పుడు ఏమగునో నెల్లూరువారికి ఒక దృష్టాంతము కలదు. 1780లలో నెల్లూరు చెంత ఒక రైతు నాగలికి ఇటుకకట్టడము అడ్డుపడగా త్రవ్వి చూచినాడు. చిన్న గుడి శిథిలముల క్రింద ఒక కుండ దొరకినది. దానినిండ ట్రాజన్, హేడ్రియన్ మున్నగు రోము చక్రవర్తుల నాటి బంగారు నాణెములు. అతడు వానిని పాత బంగారము క్రింద అమ్మివేసెను. అనేకము మూసలో కరగిపోగా కొన్ని మాత్రమే చదువరుల కంటబడెను. ఆ రైతును తప్పుపట్టుటకు వీలులేదు. అతనికి వాని విలువ చెప్పగలవారు ఆనాడు ఊరిలో లేరు. కృష్ణాతీరమున సున్నపుబట్టీ, పెన్నాతీరమున కంసాలి మూస. ఈ రెండింటి వాతనుండి తప్పించుకొన్నవే నేడు చూపులకు దక్కినవి. మ్యూజియము వనవాసమే కావచ్చును. కాని వనవాసమున ఉన్నవానికి ప్రాణమున్నది.

కావున ఎవరికి చెందవలెనను వివాదము ఒక అపరాహ్ణములో తీరునది కాదు. పెద్దలును ప్రభుత్వములును తీర్చుకొనవలసిన లెక్క అది. తెలిసికొనుటకు మాత్రము ఎవరి అనుమతియు అక్కరలేదు. విగ్రహము ఉదయగిరికి మరలినను మరలకున్నను, దాని కథ ఉదయగిరికి మరలవలెను. ఆ పని చేయగలవాడు బడిపంతులు ఒక్కడే.

తిరుగు ప్రయాణము

గంట మ్రోగును. కావలివారు తలుపులు మూయుదురు. మూడు వస్తువులు తప్ప తక్కిన వేలవస్తువులను చూడకయే బాలురు వాకిట నిలుతురు. ఎఱ్ఱరాతి మందిరము సంధ్యలో మరింత ఎఱ్ఱబడును. “మరల ఎప్పుడు వత్తుము?” అని ఒకడు అడిగినచో ఆ యాత్ర సఫలమైనట్లే. అంతయు చూచినవాడు అట్లడుగడు.

చూచుటకు అలవాటుపడిన కన్ను ఊరికి మరలినపిమ్మట ఊరకుండదు. బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి అను ఇద్దరు అధికారులు నెల్లూరు జిల్లా శాసనములను సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ఎన్ని ఊళ్ళ గుడిగోడలు, చెరువుకట్టలు, పొలిమేర రాళ్ళు మాటలాడగలవో ఆ సంపుటములు తెలుపును. పాఠశాల గ్రంథాలయమున వాని ప్రతి యుండుట మేలు. తమ ఊరి పేరు అందు వెదకి, ఆ రాతిని వెదకి, అక్షరములపై పేరుకొన్న సున్నమును మెల్లగా తుడిచి, ఒక్క అక్షరమునైనను గుర్తించిన బాలునకు చరిత్ర ఇక పరీక్షకు చదువు పాఠము కాదు. రాయిపై కత్తి నూరరాదని, గునపముతో పెకలింపరాదని అతనికి వేరుగా చెప్పనక్కరలేదు.

తెల్లవారుజామున బస్సు పడమటి దారి పట్టి ఉదయగిరిని సమీపించినప్పుడు, చీకటిలోనుండి కొండ మెల్లగా రూపుకట్టును. అది నిన్నటి కొండయే. ఆ బాలురకు మాత్రము నిన్నటి కొండ కాదు. దానినుండి ఒక పసివాడు వెడలిపోయినాడనియు, అతడెచ్చట నున్నాడో తమకు తెలియుననియు వారెరుగుదురు. చచ్చిన కాలేజీలో ఆ పూట వారు చదివిన చదువు ఇదియే.